కంట్లో బొట్టు పెట్టుకున్న కెమెరా గారికి

బెజవాడ.

పోలీసు స్టేషను వరండాలో గోడమూలన కొలువున్న సీసీ కెమెరా గారికి,

ఉభయకుశలోపరి. దసరా వెళ్లిన వారానికి, పోయిన ఫోను గురించి ఫిర్యాదు ఇద్దామని వచ్చి, మీ కింద బల్ల మీద రెండున్నర గంటలు కూర్చున్న మనిషిని నేను. మీకు గుర్తుండే వీల్లేదులెండి. ఆయుధపూజనాడు జీపులకు పెట్టిన చేత్తోనే ఎవరో మీకూ కుంకుమ పెట్టారు. మీకు నుదురెక్కడుంది? సరిగ్గా కంట్లోనే పెట్టారు. మెడలో వాడిన బంతిపూల దండ. మీ ప్లగ్గు పీకేసి ఆ సాకెట్లో ఎవరిదో ఫోను చార్జింగుకు పెట్టారు. నాకు ఫోను లేదు, మీకు కరెంటు లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. అంటే, నేను చూశాను.

బెంజి సర్కిల్లో మీ తమ్ముడున్నాడు. పోయిన నెల హెల్మెట్ నెత్తిన కాకుండా ట్యాంకు మీద పెట్టుకుని వెళ్తుంటే, నంబరు ప్లేటు మీది మట్టితో సహా ఫొటో తీసి చలానా పంపాడు. ఎండనక వాననక ఉద్యోగం చేస్తాడు. మీరేమో నీడపట్టున ఉంటారు, అయినా సుస్తీ మీకే. అదీ ఎవరైనా ఫుటేజీ అడిగిన రోజునే.

మీ హోదా మీకు తెలుసా? 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు మీ కోసమే తీర్పిచ్చింది. లాకప్పు, వరండా, ఎస్సై గది, బాత్రూముల బయట, అన్ని చోట్లా మీరుండాలంది. చీకట్లోనూ కనబడాలి, మాటలూ వినబడాలి. చూసింది 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలి. సీబీఐ, ఎన్ఐఏ, ఈడీ ఆఫీసుల్లోనూ మీకు చోటివ్వాలంది. పైగా మీ బాగోగులు చూడ్డానికి జిల్లాకో కమిటీ, రాష్ట్రానికో కమిటీ. మా నాన్న బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో చూసే దిక్కు లేదు, మీకు రెండు కమిటీలు!

కాకపోతే మీకు జబ్బు చేస్తే ఆ జిల్లా కమిటీకి కబురు చెప్పాల్సింది స్టేషను అధికారే. అత్తగారి మీద పుట్టింటికి రాసిన ఉత్తరాన్ని కోడలు అత్తగారి చేతికే ఇచ్చి పోస్టు చేయమన్నట్టుంది.

మీ వంశంలో ఇది కొత్తేం కాదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వాళ్లు 2002లో థాయిలాండ్‌లో ఇద్దరు ఖైదీలను విచారిస్తూ తీసిన 92 టేపుల్ని 2005 నవంబరులో నాశనం చేశారు. మొహాన నీళ్లు పోసి ఊపిరాడకుండా చేసిన విచారణ అది. అంతకుముందే వాళ్ల సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు తిరగేస్తే 11 టేపులు ఖాళీ, రెండు విరిగిపోయి ఉన్నాయి. టేపులు మాయమైన సంగతి బయటపడ్డాకే సెనేట్ కమిటీ తవ్వడం మొదలెట్టింది, 2014 డిసెంబరులో నివేదిక సారాంశం బయటికొచ్చింది. అక్కడ టేపు పోతే తీగ దొరికింది. మన దగ్గర ‘సాంకేతిక లోపం’ అన్న రెండు మాటలు చాలు.

అన్నట్టు, అరెస్టు చేసే అధికారమే లేని మన నిఘా సంస్థలు ఐబీ, ‘రా’ మీ తీర్పు జాబితాలో లేవు. వాటి మీద కన్నేసి ఉంచే పార్లమెంటు కమిటీ కూడా లేదు. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ వాటిని వదిలేసింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన గురించి మాత్రం అడగొచ్చట. లోపలేం జరిగిందో తెలిస్తే కదండీ అడగడానికి!

వచ్చేసే ముందు బల్లెక్కి, మీ కంట్లో కుంకుమ తుడుద్దామని జేబురుమాలు తీశాను. “ఏయ్, దిగు! అది దుర్గమ్మ కుంకుమ, తుడవకూడదు” అని రైటరు గారు గదమాయించారు. చెంపలేసుకుని దిగిపోయాను.

ఇట్లు,
ఫోను ఇంకా దొరకని ఒక పౌరుడు

తా.క.: చలానా కట్టేశాను. మీ తమ్ముడికి చెప్పండి.