1560 వస్తే సీటు వచ్చేసినట్టేనా?
అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1560 వస్తే హార్వర్డ్‌కి ‘మంచి అవకాశం’ ఉందని మీ వ్యాసంలో రాశారు. అక్కడే నాకు పేచీ. 2024లో దాదాపు 54 వేల దరఖాస్తులు వస్తే వాళ్లు సీటిచ్చింది రెండు వేల లోపు మందికే. వెనక్కి పంపినవాళ్లలోనూ అలాంటి స్కోర్లు బోలెడు ఉంటాయి. ఎంసెట్ ర్యాంకు చూసి కాలేజీ చెప్పేయడం మనకి అలవాటు, అదే లెక్క అక్కడా వేస్తాం. ఇంకోటి మీరు వదిలేశారు. హైదరాబాద్ నుంచి వెళ్లే పిల్లలు ఫీజుకి సాయం అడిగితే, సీటిచ్చేటప్పుడు స్టాన్‌ఫర్డ్ దాన్నీ చూస్తుంది. హార్వర్డ్, ఎంఐటీ చూడవు. మా అమ్మాయికి ఒక కన్సల్టెంట్ ‘డెబ్బై శాతం ఖాయం సార్’ అన్నాడు. ఆ డెబ్బై ఎక్కడిదయ్యా అంటే నీళ్లు నమిలాడు. ఫీజు మాత్రం ముందే పుచ్చుకున్నాడు లెండి.