తలుపుకు అడ్డం పెట్టిన ఐదు కిలోల డంబెల్ గారికి

మహారాజరాజశ్రీ డంబెల్ గారి సముఖమునకు,

వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లలో తలుపుల దగ్గర కొలువు చేస్తున్న తమ జాతి మొత్తానికీ కలిపి రాస్తున్న జాబు ఇది. ఉభయకుశలోపరి. ఇక్కడ తలుపు క్షేమం. గాలిదుమారం ఎంత లేచినా తమరు అడ్డం ఉన్నారు కనుక ఇప్పటిదాకా గోడకు కొట్టుకోలేదు. తమరి తమ్ముడు మంచం కింద, పాత సూట్‌కేసుకూ గోడకూ నడుమ క్షేమం.

రేపు ఎవరూ కాదనకుండా ముందు తమరి సర్వీసు రికార్డు రాసిపెడదాం. ఒక కిలో రాడ్డు, రెండు వైపులా రెండేసి కిలోల ప్లేటు, కొసన ఒక్కో నట్టు. పైకి నల్ల ప్లాస్టిక్కు, లోపల సిమెంటు. ఉద్యోగంలో చేరింది వ్యాయామ శాఖలో. పనిచేసింది నాలుగు రోజులు. ఐదో రోజు నుంచి తలుపుల శాఖకు డిప్యుటేషన్. ఆ బదిలీకి కారణం తమరి బరువేనని ఇంట్లో ప్రచారం ఉంది. అది అబద్ధం. అసలు కారకుడు జోష్.

జోష్ అంటే చుట్టం లాంటివాడు. చెప్పకుండా వస్తాడు, ఉన్నంతసేపు ఇల్లంతా సందడి, పొద్దుమీకి చూస్తే ఉండడు. ఒకసారి రక్త పరీక్షలో షుగర్ అంచు మీద ఉందని తెలిసినప్పుడు వస్తాడు. ఇంకోసారి పెళ్లి ఆల్బమ్‌లో పొట్ట ముందు, మనిషి వెనక కనిపించినప్పుడు వస్తాడు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు జిల్లా అంతా దిగాడు. ప్రతి ఫోనులో ఆమె ఫొటో స్టేటస్ అయింది. స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. జోష్‌కు అంత కూడా లేదు. ఆ 55 సెకన్ల కోసం ఎన్ని వేల పొద్దులు మైదానంలో గడిచాయో ఫొటోలో పడదు కదా.

అలాంటి జోష్ ఉన్న పూటే తమరిని కొన్నారు. కొన్న పూటే ఫోన్‌లో చొక్కా లేని ఒకాయన చేసి చూపిస్తుంటే నూరు బస్కీలు తీశారు, చేయి లేవనంత వరకు తమరిని లేపారు. రెండో రోజు ఏమీ కాలేదు, ఇంకో ఇరవై ఎక్కువ తీశారు. మూడో రోజు కూచుంటే లేవడానికి లేదు, లేస్తే కూచోవడానికి లేదు. మెట్లు ఎక్కడం ఎలాగో కానిచ్చినా, దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాలుగో రోజు పళ్లు బిగించి సగం చేశారు. ఐదో రోజు ఆర్డర్లు వచ్చాయి.

ఆ నొప్పికి లాక్టిక్ యాసిడ్ కారణమని చాలామంది నమ్మకం. అది గంట తిరిగేసరికే ఒంట్లో సర్దుకుపోతుంది, మూడో రోజు దాకా ఎక్కడుంటుంది? కండరం సాగుతూ బరువును ఆపేటప్పుడు, అంటే బస్కీలో కిందికి దిగేటప్పుడు, పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అలవాటు లేని పని ఒక్కసారిగా ఎక్కువ చేస్తే ఎవరికైనా అంతే. తమాషా ఏమిటంటే, వారం తర్వాత అదే పని మళ్లీ చేస్తే నొప్పి సగం కూడా ఉండదు. ఆ రెండోసారి రాకముందే తమరు తలుపు దగ్గరికి చేరుతున్నారు. (మూత్రం నల్లచాయ్ రంగుకు తిరిగితే మాత్రం అది మామూలు నొప్పి కాదు. పొట్లంలో మాత్రలు కట్టించుకోవడం మాని దవాఖానకు పోవాలి.)

తర్వాత వచ్చేది ముహూర్తం గోల. తమరిని మళ్లీ షురూ చేయడానికి మన పంచాంగంలో మంచిరోజు లేదు. సంక్రాంతికి సకినాలు వండుతారు, తినకపోతే అత్తమ్మ బాధపడుతుంది. మాఘంలో పెళ్లిళ్లు, ఏడాది విడిచి ఏడాది మేడారం. తర్వాత ఎండలు, ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో వానలు. బతుకమ్మ తొమ్మిది రోజులు, వెంటనే దసరా దావత్. డిసెంబర్‌లో చలి. అన్నీ తీసేస్తే మిగిలేది లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29. అదీ మాఘంలో పడితే ఎవరిదో పెళ్లి.

ఈ లెక్కలో ఒక అన్యాయం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు ఆయాసం వచ్చే కదలిక, దానికి తోడు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. బతుకమ్మ చుట్టూ గంటసేపు వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరిగిన మనిషి ఆ 150లో ఒక మంచి ముక్క ముగించినట్టే. కానీ ఇంటికొచ్చి ‘తొమ్మిది రోజుల సంది ఎక్సర్‌సైజే లేదు’ అని దిగులుపడుతుంది. ఇటు భద్రకాళి బండ్ మీద అరగంట నడిచి, దిగంగనే రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ తిన్నాయన మాత్రం ‘ఇయ్యాల మస్తు చెమట పట్టింది’ అని సంతోషంగా ఉంటాడు. డెబ్బై కిలోల మనిషి మూడు కిలోమీటర్లు నడిస్తే కరిగేది సుమారు 150 కేలరీలు. ఆ లెక్క బజ్జీల బండాయనకు అడ్డం రాదు.

ఇక గోడ మీది క్యాలెండర్‌లో 21 గళ్ల చుట్టూ గీసిన ఎర్ర గీత సంగతి. ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందట. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. కొత్త ముక్కు లెక్క తెచ్చి బస్కీలకు అంటించారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన లెక్క వేరు. సగటున 66 రోజులు. త్వరగా పట్టుబడినవాళ్లకు 18, ఆలస్యమైనవాళ్లకు 254 పడుతుందని అంచనా. మంచినీళ్లు తాగడం లాంటి అలవాటు త్వరగా పట్టుబడుతుంది, వ్యాయామానికి ఎక్కువ కాలం పడుతుంది. మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ చెడిపోదని కూడా అందులోనే తేలింది. ఇరవై రెండో రోజు కూడా బద్ధకంగానే ఉందని తమరిని మూలకు తోసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కాబట్టి తమరిని పాత శాఖకు రప్పించే ప్రయత్నం ఇది. షరతు ఒక్కటే. కొలత జోష్ ఉన్న రోజుది తీసుకోకూడదు. కరెంటు పోయి, నిద్ర చాలక, సాయంత్రం దావత్ ఉన్న రోజుకు సరిపడా కొలత తీసుకోవాలి.

వేళను గడియారానికి కట్టొద్దు. పొద్దుగాల ఐదింటి అలారాన్ని ఒత్తి పడుకోవడం ఈ ఇంట్లో ఇప్పటికే బాగా సాధన చేసిన వ్యాయామం. వేళను మోటారు స్విచ్చుకు కట్టాలి. మోటారు వేసిన తర్వాత ట్యాంకు నిండేదాకా ఎవరో ఒకరు ఇంట్లో కాపలా ఉండాల్సిందే. ఆ పదిహేను, ఇరవై నిమిషాలు ఫోన్ చూస్తూ పోయేవే. స్విచ్ వేస్తే షురూ, ట్యాంకు పొంగిన చప్పుడు వినిపిస్తే ఖతం. వారానికి మూడు రోజులు, నడుమ ఒక్కో రోజు విడుపు.

మొదటిది కుర్చీ బస్కీ. తమరిని రెండు చేతులతో నిలువుగా ఛాతీకి ఆనించుకుని, వెనక కుర్చీ పెట్టుకుని, పిర్రలు తగిలీ తగలకముందే లేవాలి. దిగడానికి మూడు అంకెలు లెక్కపెట్టాలి. ధబ్బున కూలబడితే కుర్చీకి వ్యాయామం, మనిషికి కాదు. మడమలు నేల విడవకూడదు, మోకాళ్లు లోపలికి వాలకూడదు. మోకాలు నొస్తే కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు.

రెండోది గుంజుడు. ఎడమ చేయి మంచం పట్టె మీద, వీపు చదునుగా, కుడిచేత్తో తమరిని పట్టుకుని మోచేయిని నడుము వైపు లాగాలి. బోరింగు కొట్టినట్టు ఒళ్లంతా ఊపితే పని వీపుకు పోదు, నడుముకు పోతుంది. మూడోది నడుము మడత. దీన్ని ఎంత చెప్పినా తప్పే చేస్తారు, వీపు గుండ్రంగా వంచి నేల మీది చిల్లర ఏరినట్టు. రెండు చేతుల్లో కూరగాయల సంచులుంటే బీరువా తలుపు ఎలా మూస్తారు? పిర్రలు వెనక్కి తోసి. అంతే, ఆ తోపుడే. తమరు తొడలను రాసుకుంటూ మోకాలి కిందిదాకా దిగి, మళ్లీ పైకి.

దండీలు నేల మీదే తీయాలని ఏ తాలీంఖానా రూలూ లేదు. మొదట గోడకు, పన్నెండు సులువుగా వస్తే వంటింటి గట్టుకు, ఆ తర్వాత మంచం పట్టెకు, చివరికి నేలకు. తమరిని భుజం దగ్గర నుంచి తల పైకి ఎత్తేది ఒక్కో చేత్తో చేస్తే చాలు. ఎత్తేటప్పుడు నడుము విల్లులా వంగితే బరువు ఎక్కువైనట్టు. ఎత్తుతూ ఊపిరి వదలాలి, బిగబట్టొద్దు. బీపీ ఉన్నవాళ్లయితే అసలే బిగబట్టొద్దు.

ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు. ఇంకో రెండు మూడు తీయగలను అనిపించినప్పుడే ఆపాలి. ఈ మాట జోష్‌కు అసలు నచ్చదు. రెండు విడతల్లోనూ పన్నెండు దాటితే తమ్ముడిని పిలవండి. ఆయన ప్లేట్లు కూడా తమరికే తొడిగితే 9 కిలోలు. బస్కీకీ, గుంజుడుకూ, నడుము మడతకూ ఆ 9 సరిపోతుంది. భుజానికి మాత్రం 5 నుంచి ఒకేసారి 9 అంటే పెద్ద గంతు. అక్కడ 5తోనే ఇరవై దాకా, మెల్లగా. రాడ్డు మీద చోటు చాలకపోతే వీపు సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని బస్కీలు తీయొచ్చు, లీటరు నీళ్లు కిలో. ‘బరువు చాలట్లేదు, అందుకే మానేసిన’ అనే సాకుకు అక్కడితో చెల్లు.

దావత్ రోజుకు వేరే కొలత. ఒక విడత బస్కీలు, ఒక విడత దండీలు, నాలుగు నిమిషాలు. పెళ్లి బట్టలు వేసుకునే ముందే అయిపోతుంది. దాన్ని క్యాలెండర్‌లో పూర్తి రోజుగానే గీయాలి, సగం గీత గీయొద్దు. మే నెల ఎండల్లో మోటారు పొద్దుగాలే వేసుకోవడం మంచిది. జ్వరం వస్తే పూర్తిగా సెలవు. రెండు వారాలు తప్పిపోతే పాత బలం చాలావరకు అక్కడే ఉంటుంది, ఆయాసం మాత్రం ముందుగా తిరిగొస్తుంది. మొదటి వారం ఒక్కో విడతతో మొదలుపెడితే చాలు. పోయిన రెండు వారాల బాకీ ఒకే రోజు తీర్చబోతే మళ్లీ మెట్ల మీద గోడ పట్టుకోవాల్సిందే.

బరువు జోకే మిషన్‌తో కూడా తమరికి పాత తగాదా ఉందని తెలుసు. మేడారంలో అమ్మలకు నిలువెత్తు బంగారం జోకేటప్పుడు ముల్లు ఎక్కువ చూపినా ఎవరూ మొహం మాడ్చుకోరు, ఇంకో బెల్లం ముద్ద వేస్తారు. అదే మనిషి ఇంట్లో మిషన్ మీద కిలో ఎక్కువ కనిపిస్తే తమరిని మంచం కిందికి తోస్తాడు. రాత్రి యాటకూర, బగారన్నం తిన్న మర్నాడు పెరిగే కిలో, కిలోన్నరలో కొవ్వు చాలా తక్కువ, నీళ్లు ఎక్కువ. ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది. అన్నం నుంచి కండరాల్లో దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో మూడు గ్రాముల దాకా నీళ్లు చేరుతాయి. వారానికి ఒక రోజు, పొద్దుగాల, ఏమీ తినకముందు జోకితే చాలు. మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చేది. అద్దంలో అది కనిపించదు. ‘ఇంకా దొడ్డుగనే ఉన్నవ్’ అని పక్కింటి చిన్నమ్మ అనేది సరిగ్గా అప్పుడే. పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కుతూ పోయిన నెల ఎక్కడ ఆగారో, ఈ నెల ఎక్కడ ఆగారో ఆమెకేం తెలుసు?

పౌడర్ డబ్బాల గురించి తమరు అడగలేదు, మేమూ చెప్పం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పప్పు ఇంట్లో రోజూ ఉడుకుతూనే ఉంది.

తలుపు గురించి బెంగ వద్దు. హార్డ్‌వేర్ దుకాణంలో రబ్బరు స్టాపర్ దొరుకుతుంది, ఒక స్క్రూతో బిగుస్తుంది. అది వచ్చేదాకా తాత్కాలిక ప్రాతిపదికన ఒక ఇటుకను నియమించడమైనది.

ఇట్లు,
తమరి పాత శాఖ మేలు కోరేవారు

తా.క.: తమ్ముడిని మంచం కింది నుంచి లాగిన తర్వాత, పైకి ఎత్తకముందే రెండు వైపులా నట్లు బిగించమనండి. ఇన్నాళ్లు పడి ఉన్నాడు, వదులై ఉంటాయి. ప్లేటు జారి పాదం మీద పడిందంటే ఇంకో ఆరు నెలలు మీ ఇద్దరికీ సెలవే.