కెమెరా పిల్లల వైపు పెట్టండి

భాషా టీచర్లు తమ పాఠాల వీడియోలు తీసి ఒకరికొకరు చూపించుకోవాలన్న ఒక వ్యాసం చదివాను, చాలా నచ్చింది. ఒక్క మాట కలపాలి. దాదాపు అందరూ కెమెరాను టీచర్ వైపే పెడతారు. పిల్లల వైపు పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది.

తమిళనాడు సరిహద్దులోని మా నగరి వైపు చాలామంది పిల్లలు ఇంట్లో మాట్లాడేది తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, మాటలో కూడా ఆ తేడాతో అర్థం మారదు. అందుకే తెలుగు డిక్టేషన్‌లో కొందరు ‘గ’ ఉండాల్సిన చోట ‘క’ రాసేస్తారు. నోట్సు దిద్దితే తప్పు మాత్రమే కనిపిస్తుంది. వీడియోలో అయితే ఆ పిల్ల రాసేముందు ఏమని పలుక్కుంది, ఎక్కడ ఆగింది, పక్కవాళ్ల నోట్సు ఎప్పుడు చూసింది, అన్నీ దొరుకుతాయి. తిరుపతి టౌన్లో పనిచేసే టీచర్‌కు ఇది కొత్త కావచ్చు. మాలాగే సరిహద్దులో ఉన్న కుప్పం టీచర్‌కు రోజూ ఉండేదే, వాళ్లు ఎలా సర్దుతున్నారో మాకు చూడాలని ఉంది.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నామో కూడా వీడియోలో కొలవండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ తరగతుల రికార్డింగులు విని, టీచర్లు సెకనుకు మించి ఆగడం లేదని గమనించారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి. భాషా తరగతికి ఇది ఇంకా అవసరం.

అధికారులకు ఒక మనవి. ఈ వీడియోలను తనిఖీకి వాడొద్దు. వాడితే రిహార్సల్ చేసిన పాఠాలే వస్తాయి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని టీచర్లకూ మనవి.