గైడు వెనక నడవకండి

మన సంఘం పిక్నిక్‌లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "అమ్మానాన్నల్ని యూరప్ తీసుకెళ్ళాలి, రివర్ క్రూజ్ బాగుంటుందా?" బాగుంటుంది. రోజుకో హోటల్, పొద్దున్నే పెట్టెలు సర్దుకోవడం, బస్సులో అయిదేసి గంటలు, ఇవేవీ ఉండవు. మోకాళ్ళ నొప్పులున్న డెబ్బై ఏళ్ళవాళ్ళకి ఇంతకంటే సుఖమైన ప్రయాణం నాకు తెలీదు. నేను వద్దనేది ఒక్కటే, టికెట్‌తో పాటు వచ్చే గైడెడ్ టూర్.

కిందటేడు మావాళ్ళతో డాన్యూబ్ మీద వెళ్ళాం. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో పొద్దున్నే కర్టెన్ తీస్తే నది లేదు. ఎదురుగా ఇంకో షిప్పు, దాని కిటికీలో పళ్ళు తోముకుంటున్న పెద్దాయన. రేవులో చోటు చాలకపోతే షిప్పుల్ని పక్కపక్కన కట్టేస్తారు. ఆ షిప్పు లాబీలోంచి నడిచి ఒడ్డుకు దిగాం. చెవిలో ఇయర్‌ఫోన్, ముందు నంబర్ బోర్డు ఎత్తిపట్టుకున్న గైడు. క్రీ.శ. 179లో రోమన్ల కోట, అదిగో ఆ గోడలో మిగిలిన కోట ద్వారం, పదండి. రాళ్ళు పరిచిన వీధుల్లో అమ్మ రెండు సందులకే వెనకబడింది.

నాయ్‌ఫార్‌ప్లాట్స్ అనే చౌకులో నాన్న ఆగిపోయారు. తెల్లటి కాంక్రీటు దిమ్మెల మీద పిల్లలు గెంతుతున్నారు. 1519లో ఊళ్ళోని యూదులందరినీ తరిమేసి, వాళ్ళ ప్రార్థనా మందిరం సినగాగ్‌ని కూల్చేశారు. అది ఉన్న చోటే దాని నేల నమూనాలో ఇజ్రాయెలీ శిల్పి దానీ కరవాన్ ఈ దిమ్మెలు కట్టారు. ఆ యూదుల సమాధి రాళ్ళని గెలుపు గుర్తుగా ఇళ్ళ గోడల్లో పొదిగారట కూడా. ఇదంతా నేను ఫోన్‌లో చదివి నాన్నకి చెప్పేసరికి మా గుంపు కేథడ్రల్ దారి పట్టింది. మేం పట్టలేదు.

నేరుగా రాతి వంతెన దగ్గరికి వెళ్ళిపోయాం. నాన్న ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1135లో మొదలుపెట్టి 1146కల్లా పూర్తిచేశారంటే నమ్మలేదు. స్తంభాలు కొట్టుకుపోకుండా చుట్టూ పడవ ఆకారంలో దిమ్మెలు కట్టారు. వాటివల్ల దారి ఇరుకై, నీళ్ళు కింద సుడులు తిరుగుతాయి. "ఇంత ఒరవడిలో పునాది ఎలా వేశార్రా!" అని అరగంట కమానుల్లోకి తొంగి చూస్తూనే ఉన్నారు. మా షిప్పు లాంటివి దీని కింద పట్టవు, ఉత్తరాన తవ్విన కాలవలోంచి, లాకు దాటి చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. లాకు అనగానే ఆయన మొహం వెలిగిపోయింది.

వంతెన పక్కనే పాత సాసేజీల వంటిల్లు ఉంది. అమ్మ శాకాహారి. సాసేజీలతో ఇచ్చే పులిసిన క్యాబేజీలో పందికొవ్వు వేస్తారేమో, మీరూ అడిగి తినండి. మేం బన్ను, ఆవముద్ద మాత్రం తీసుకున్నాం. "ఆవపెట్టిన కూరలాగే ఉందిరా, ఇందులో తీపెందుకో?" అంది అమ్మ. ఇంకోటి అడిగి మరీ తింది.

డబ్బు కట్టాం కదా, గైడు చెప్పేది వదులుకోవడమేంటి అంటారు కొందరు మిత్రులు. ఆ కథలు ముందురోజు రాత్రి గదిలో చదువుకోవచ్చు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ తనకు రావలసిన డబ్బు కోసం ఈ ఊరొచ్చి, జబ్బుపడి 1630లో ఇక్కడే పోయాడని నేను నాన్నకి అలాగే చెప్పాను. ఆయన మోకాళ్ళకి మాత్రం ఆ పూట ఒక్క గంటే ఓపిక. దాన్ని దేనిమీద ఖర్చుపెట్టాలో ఆయనకే వదిలేయాలని నా అభిప్రాయం. మీరు చేయాల్సిందల్లా షిప్పు కార్డు జేబులో పెట్టుకుని, తిరిగి ఎక్కాల్సిన టైం ఫోన్‌లో అలారం పెట్టుకోవడమే.

ఆ సాసేజీల వంటింటి గోడ మీద ఏ వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గీతలు గీసి, పక్కన సంవత్సరాలు రాశారు. నాన్న ఒక్కో గీతకీ విడిగా ఫొటో తీశారు. కేథడ్రల్‌ది ఒక్కటీ లేదు. ఆ సాయంత్రమే అవన్నీ రిటైర్డ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. రాజమండ్రి నుంచి వచ్చిన మొదటి జవాబు: "మన 86 గోదావరి వరద ముందు ఇదెంత?"