శాలువా సరే, సారు చెప్పేది వింటారా?

ఏటా జనవరి 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థన వారం అని ఒకటి ఉంటది, 1908 నుంచి నడుస్తున్నది, కానీ మన వరంగల్, హనుమకొండలో క్రిస్మస్‌కు ఉన్న సందడిలో పదో వంతు కూడా దీనికి ఉండదు. ఈ వారంలో ఎవరికైనా సన్మానం చేయాలనుకుంటే లీడర్లకో, స్టేజీ ఎక్కిన ప్రతి పెద్దమనిషికో కాదు, థియాలజీ, అంటే క్రైస్తవ సిద్ధాంతాల పాఠాలు చెప్పే టీచర్లకు చేయండి అని మేం అడుగుతున్నాం. చర్చీలు కలవడం అనేది మన తెలుగు నేల మీద ఎంత జరిగిందో అంతా కమిటీ మీటింగుల్లో కంటే ఆ క్లాస్‌రూముల్లోనే ఎక్కువ జరిగింది కాబట్టి.

అసలు ఇన్ని చర్చీలు ఎందుకున్నయో ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పరు. మిషనరీలు వచ్చిన కాలంలో ఒకళ్ల ఏరియాలోకి ఒకళ్లు పోకుండా ఊళ్లను పంచుకున్నారు, హనుమకొండ, జనగామ వైపు అమెరికన్ బాప్టిస్టులు, కరీంనగర్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు. క్యాథలిక్కులది మొదటి నుంచీ వేరే దారి, వరంగల్ మేత్రాసనం, అంటే బిషప్ కింద ఉండే ఏరియా, 1952లో ఏర్పడ్డది. అంటే మీ ముత్తాత ఏ తాలూకాలో పుట్టిండో దాన్నిబట్టి ఇయ్యాల మీరు ఏ చర్చి మెంబరో తేలిపోయింది, ఆయన కూర్చుని నాలుగు సిద్ధాంతాలు చదివి ఒకటి ఎంచుకున్నది ఏం లేదు. అయినా ఇప్పుడు మనవలు మాదే అసలైన చర్చి అని కొట్లాడుకుంటుంటే ఏమనాలె.

ఈ తిప్పల గురించి గట్టిగా మాట్లాడినవాళ్లలో ఒకరు మన డోర్నకల్ మనిషే. డోర్నకల్ అంటే చాలామందికి కాజీపేట నుంచి విజయవాడ పోయే లైన్లో ఒక జంక్షన్, కొత్తగూడెం వైపు బండి మారే చోటు, అంతే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళాయన, 1909లో ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందే ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో తెల్లదొరల ముఖం మీదనే, మీరు మాకు చాలా ఇచ్చారు గానీ స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి ఆయన. బిషప్ అయ్యాక కూడా టీచర్ పని వదల్లేదు, ఊళ్లకు పోయే గురువులను, అంటే పాస్టర్లను తయారు చేయడానికి డోర్నకల్‌లో ట్రైనింగ్ నడిపారు. యూరప్‌లో చర్చీలు విడివిడిగా ఉంటే అది బలహీనతేమో, ఇక్కడ మాత్రం పాపం అన్న అర్థంలో 1927లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో చర్చీల ఐక్యత మీద జరిగిన సభలో మాట్లాడారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్, అంటే బిషప్ పెద్ద చర్చి, 1939లో ప్రతిష్ఠ అయ్యింది, పోయి చూడండి, గుడి మండపంలో ఉండే లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు, మధ్యలో శిలువ. ఇరుగుపొరుగు మతాలతో మాట్లాడడం అంటే ఏందో రాయితోనే చెప్పిన కట్టడం అది.

1919లో తమిళనాడు తరంగంబాడిలో కూర్చుని మొదలుపెట్టిన కలయిక మాటలు 28 ఏళ్లు నడిచి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పుట్టింది, అజరయ్య గారు మాత్రం అది చూడకుండానే 1945 జనవరి 1న పోయారు. కానీ అందరూ కలవలేదు. బాప్టిస్టులు, లూథరన్లు బయటనే ఉన్నారు. అంటే డోర్నకల్, కరీంనగర్ వైపు వాళ్లు ఒక గూటికి వస్తే హనుమకొండ వైపు బాప్టిస్టులు పక్కనే ఉండి వేరు.

ఇక్కడే టీచర్లు వస్తారు. చర్చీలు కలవకపోయినా 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టినప్పుడు బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్‌ఐ వాళ్లు తమ పిల్లలను ఒకే కాలేజీకి పంపారు, తర్వాత ఆ కాలేజీ హైదరాబాద్ వచ్చింది, బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కాలేజీ సెనేట్ డిగ్రీ ఇస్తది. ఒకే బెంచి మీద పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే సీఎస్‌ఐ చర్చి నుంచి వచ్చిన పిల్లగాడు, పెద్దయ్యాక నీళ్లలో ముంచితేనే బాప్తిస్మం అనే బాప్టిస్టు చర్చి నుంచి వచ్చిన పిల్లగాడు. ఆ క్లాసులో పాఠం చెప్పే సారు ఒకర్ని తప్పు అంటే సగం క్లాసు లేచిపోతది, ఇద్దరూ కరెక్టే అని ఊరుకుంటే పాఠమే లేదు. వాళ్ల వాదన వీళ్ల నోట, వీళ్ల వాదన వాళ్ల నోట చెప్పించాలె. ఇదేం చిన్న పని కాదు, జీతం కూడా గొప్పదేం కాదు.

ఆ పాఠం బయటికొచ్చి ఏమవుతుందో చూడాలంటే పెండ్లి సంబంధాల దగ్గర చూడండి. అబ్బాయి సీఎస్‌ఐ, అమ్మాయి బాప్టిస్టు, రెండు ఇండ్లల్లోనూ అదే బైబిల్, అవే పాటలు, కానీ అమ్మాయి వైపు వాళ్లు, అబ్బాయి మా చర్చిలో మెంబర్ కావాలంటే మళ్లీ నీళ్లలో దిగాలె అంటారు, దిగితే అబ్బాయి అమ్మమ్మ మొహం మాడ్చుకుంటది, చిన్నప్పుడు మేం ఇప్పించింది లెక్కలోకి రాదా అని. ఇట్లాంటి ప్రశ్నల మీద ప్రపంచ చర్చీల మండలికి చెందిన ఫెయిత్ అండ్ ఆర్డర్ కమిషన్ 1982లో పెరూ దేశం లిమాలో ఒక పత్రం తెచ్చింది, బాప్తిస్మం మళ్లీ ఇచ్చినట్టు కనిపించే పని ఏదీ చేయొద్దని అందులో ఉన్నది. ఎవరిది కరెక్టో తేల్చే అర్హత పేపరోళ్లకు లేదు, ఒప్పుకుంటాం. కానీ ఇట్లాంటి పత్రం ఒకటి ఉన్నదన్న సంగతి ఎన్ని సంఘాల్లో చదివి వినిపించారో, అది మాత్రం అడుగుతాం.

క్యాథలిక్కులు కూడా రాజమండ్రి కాలేజీ పెట్టిన ఆ 1964లోనే, నవంబర్‌లో, తమ బిషప్‌ల మహాసభ అయిన వాటికన్ కౌన్సిల్‌లో ఐక్యత మీద డిక్రీ తెచ్చారు, మరుసటి ఏడాది ఇతర మతాలతో సంబంధాల మీద ఒక ప్రకటన. మన దేశం నుంచి స్టాన్లీ సమర్థ అనే టీచర్, కర్ణాటక కార్కళ మనిషి, శ్రీరాంపూర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసినాయన, ప్రపంచ చర్చీల మండలిలో మతాల మధ్య సంభాషణ విభాగానికి 1971లో మొదటి డైరెక్టర్ అయ్యారు. మనకు ఇది కొత్త చదువేం కాదు, కాజీపేట దర్గా ఉర్సుకు హిందువులు పోతనే ఉంటారు, అక్కడికి దగ్గర్లోనే ఫాతిమా మాత కెథడ్రల్ ఉన్నది, ఎవరూ ఎవరి ఆధార్ అడగరు. ఇంత దగ్గర్లో ఉండి కూడా బాప్టిస్టు పాస్టరు గారు, క్యాథలిక్ ఫాదర్ గారు ఒకే స్టేజీ మీద కనిపించేది ఎక్కువగా ఎలక్షన్ల ముందు పెట్టే క్రిస్మస్ విందుల్లోనే అయితే, అది ఐక్యత అనిపించుకోదు.

కాబట్టి సన్మానం అంటే శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, రెండు నిమిషాల్లో ముగించండి సార్ అని చీటీ పంపడం కాదు. వచ్చే ప్రార్థన వారానికి హనుమకొండలో ఒక సంఘం ముందుకొచ్చి రిటైరైన థియాలజీ సారునో మేడంనో పిలవండి, ప్రసంగ పీఠం మీద గంటసేపు ఇవ్వండి, అయిపోయాక జనం నుంచి ప్రశ్నలు తీసుకోండి, పక్క చర్చి వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వచ్చిన మనిషికి దారి ఖర్చులతో పాటు కవర్లో కొంత పెట్టండి, రిటైరయ్యాక పెన్షన్ కూడా సరిగ్గా రాని టీచర్ ఉంటే సంఘం ఆ బాధ్యత తీసుకోవాలె.