తిన్న పామును ఎత్తుకోవద్దు, పొట్ట నిమరొద్దు

"పాము తిన్న గంటలోపే చేతిలోకి తీసుకోండి. కడుపు నిండి మత్తుగా ఉంటుంది, కరవదు. మెడ నుంచి తోక వైపుకు పొట్ట నిమిరితే తొందరగా అరుగుతుంది. షేర్ చేయండి." డాలస్ తెలుగు గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతూనే ఉంది. పంపేవాళ్లు నాకు కావలసినవాళ్లే. పిల్లలు ముచ్చటపడ్డారని చిన్న జాతి కొండచిలువ అయిన బాల్ పైథాన్‌నో కార్న్ స్నేక్‌నో ఇంటికి తెచ్చుకున్నవాళ్లు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. నాగుల చవితికి ఇంట్లో పాముకు పాలు పెట్టమని అందులో ఉంది. పెట్టకండి, పాలు దానికి అరగవు. గిన్నెలో మంచినీళ్లు చాలు. పక్కన పొడవుగా సాగి పడుకుంటే మనల్ని మింగడానికి కొలత తీసుకుంటోందని ఇంకో మాట. కొండచిలువలు మాటు వేసి, దగ్గరికొచ్చినదాన్ని పట్టేస్తాయి. కొలతలు చూసుకునే తీరిక వాటికి ఉండదు. పైగా నాలుగైదు అడుగుల బాల్ పైథాన్ మనిషిని మింగడమేమిటి?

"వేరే టబ్‌లో మేపండి, లేకపోతే ట్యాంక్‌లో మీ చేయి పెట్టినప్పుడల్లా తిండి అనుకుంటుంది" అన్నది మూడోది. (ట్యాంక్ అంటే పాము ఉండే గాజు పెట్టె.) వేరే టబ్ అక్కర్లేదు. ఎలుకను పొడవాటి పటకారుతో అందించి, ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, పాము ఒంటిని కొక్కెంతో మెల్లగా తాకితే అది తిండివేళ కాదని దానికి తెలిసిపోతుంది. టబ్‌లో మేపితే, తిన్న వెంటనే దాన్ని ఎత్తి మళ్లీ ట్యాంక్‌లో వేయాలి. చేయకూడని పని అదే.

ఇక అసలు విషయం. తిన్న పాము మత్తుగా పడి ఉందనుకుంటున్నారు. లోపల జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. బర్మీస్ కొండచిలువల మీద చేసిన పరిశోధనల్లో, పెద్ద భోజనం చేసిన రెండు మూడు రోజుల్లోనే గుండె కండరం 40 శాతం దాకా పెరిగినట్టు 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. చిన్న పేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది. అంతవరకు ఖాళీగా ఉన్న కడుపులో ఆమ్లం ఒక్కసారిగా ఊరి, ఎముకలతో సహా కరిగించే పని మొదలుపెడుతుంది. ఒళ్లంతా పెట్టి చేస్తున్న పని అది. కదలకుండా ఉండేది అందుకే.

ఆ పనికి వేడి కావాలి. బాల్ పైథాన్ ట్యాంక్‌లో వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలు ఎందుకు పెడుతున్నాం? హీట్ మ్యాట్, థర్మోస్టాట్ ఎందుకు కొన్నాం? అక్కణ్నుంచి తీసి, 22 డిగ్రీల ఏసీ హాల్లో చుట్టాలకు చూపించడానికి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తిప్పుతారా? అరుగుదల నెమ్మదిస్తే లోపల ఎలుక కుళ్లడం మొదలవుతుంది. బెదిరిన పాము తప్పించుకోవడానికి బరువు దించుకుంటుంది, అంటే కక్కేస్తుంది. సగం కరిగిన ఎలుకతోపాటు ఆ ఆమ్లం కూడా అన్నవాహికను కాలుస్తూ పైకొస్తుంది. ఒంట్లో నీరు పోతుంది. ఒకసారి కక్కినది మళ్లీ తేలిగ్గా కక్కుతుంది. పదేపదే కక్కితే చచ్చిపోతుంది. చెప్పండి, పొట్ట నిమరమని రాసిన మహానుభావుడు ఎప్పుడైనా ఒక పాము కక్కడం చూశాడా? ఉబ్బి ఉన్న ఆ చోట వేలితో ఒత్తితే లోపలున్నది ఎటు పోతుందనుకున్నాడు? పాము పొట్ట టూత్‌పేస్ట్ ట్యూబ్ కాదు.

కరవదన్నది కూడా అబద్ధమే. తిన్న తర్వాత మొదటి కొన్ని గంటలు, కదలకుండా పడుకోకముందు, అది ఇంకో ఎలుక కోసం వెతుకుతుండొచ్చు. ఎలుక వాసన ట్యాంక్‌లోనే ఉంటుంది. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి. అప్పుడు వెచ్చటి అరచేయి పెడితే ఏం చేస్తుంది? అయిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా భయంతో పాముల్ని అసలు పెంచొద్దనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మీరేమో తిన్న పామును పసివాడి ఒళ్లో పెట్టి ఫొటో తీస్తున్నారు.

కనీసం 48 గంటలు ఆగండి. ఉబ్బు ఇంకా కనిపిస్తుంటే అది తగ్గేదాకా ఆగండి. పెద్ద పాము పెద్ద ఎలుకను మింగితే నాలుగు రోజులు, వారం కూడా పట్టొచ్చు. ఎలుక లావు పాము నడుము లావును దాటకుండా చూసుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది.

ఆ మెసేజ్‌లోనే చివర ఒక వాక్యం ఉంది: "వారాల తరబడి ముట్టుకోకపోతే పాము మళ్లీ బెదురుతుంది." ఇది నిజం. కక్కుతుందన్న భయంతో నెలంతా ట్యాంక్ మూత తీయనివాళ్లు కూడా ఉన్నారు, అదీ సరికాదు. వారానికోసారి తినే పిల్లపాముకైనా రెండు రోజులు వదిలేస్తే నాలుగైదు రోజులు మిగులుతాయి. మొదట్లో పది పదిహేను నిమిషాలు చేతిలోకి తీసుకోండి, సరిపోతుంది.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఈ మెసేజ్ పంపుతున్నవాళ్లకు ఒక మాట. మన పొలాల్లో కనిపించే పాముల్ని పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తిన్నాక ఎప్పుడు ముట్టుకోవాలన్న ప్రశ్నే అక్కడ లేదు.

మీ పాము ఇప్పటికే కక్కి ఉంటే వెంటనే ఇంకో ఎలుక పెట్టకండి. ట్యాంక్ శుభ్రం చేసి, నీళ్లు పెట్టి, వేడి సరిగ్గా ఉందో లేదో థర్మామీటర్‌తో చూసి, పది నుంచి పద్నాలుగు రోజులు దాని జోలికి వెళ్లకండి. ఆ తర్వాత మామూలుగా పెట్టేదాంట్లో సగం సైజుది పెట్టండి. అదీ కక్కితే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, కక్కినదాన్ని కవర్‌లో వేసి వెంట పట్టుకెళ్లండి.