ఐదు రిజిస్టర్లు, ఒకటే సంతకం

మహిళా సంస్థల మధ్య సమన్వయం లేదని బాధపడేవాళ్లు ఒక్కసారి నవంబర్ 25న నల్లగొండ రావాలి. ఆ రోజు మహిళలపై హింస నిర్మూలన దినం. ఐక్యరాజ్యసమితి 1999లో ప్రకటించింది. ఏటా ఆ రోజు నుంచి డిసెంబర్ 10 దాకా 16 రోజుల ప్రచారం నడుస్తుంది. తేదీని తప్పుపట్టను. కాకపోతే మా దగ్గర అది వడ్లు కల్లాల్లో ఉండే తేదీ.

పోయినేడు ఐదు సంస్థలు కలిసి ఒకటే సభ పెట్టాయి. దానికి ముందు మూడు సన్నాహక సమావేశాలు జరిగాయి. మొదటి రెండూ ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ముందుండాలన్నదానికే సరిపోయాయి. అక్షర క్రమంలో వేద్దామంటే 'వ'తో మొదలయ్యే సంస్థ ఒప్పుకోలేదు. చివరికి పేర్లన్నీ గుండ్రంగా వేద్దామన్నారు. గుండ్రానికి మొదలేముంటుంది! ఉంటుందట. పన్నెండు గంటల దగ్గర ఎవరుండాలో తేల్చడానికే మూడో సమావేశం.

జనం సంగతి మాత్రం చిటికెలో తేలింది. తలా వందమందిని తేవాలనుకున్నారు. ఐదు సంస్థలూ ఒకే గ్రామ మహిళా సంఘం వీవోఏకి, అంటే సంఘం పనులు చూసే సహాయకురాలికి, ఫోన్ చేశాయి. ఆమె అందరికీ సరేనంది, వందమందినే తెచ్చింది. గుమ్మం దగ్గర ఐదు రిజిస్టర్లు పెట్టారు. వంద ఇంటూ ఐదు, ఐదొందలు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. ఉన్నదాన్ని పంచుకోవడం సమన్వయం కాకపోతే మరేమిటి?

నా ముందు ఒకావిడ నిలబడింది. జుట్టునిండా వడ్ల దుమ్ము. మూడో రిజిస్టర్ దగ్గర పెన్ను ఆపింది.

"ఇంకెన్ని బుక్కులున్నయ్ మేడం? మొగులైంది, వడ్లు ఆరబోసి వచ్చినం."

"రెండేనక్కా, జర సంతకం పెట్టు."

తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు కాంటా ఎక్కవు. ఆ కేంద్రం నడిపేదీ వీళ్ల సంఘమే. వేదిక మీద మాత్రం 2005 నాటి గృహహింస చట్టాన్ని సెక్షన్ల వారీగా నలభై నిమిషాలు చదివారు. మంచి చట్టమే. రక్షణ అధికారి ఎక్కడ కూర్చుంటారో, ఫోన్ నంబరేమిటో చెబుతారని చూశాను. ఆ సెక్షన్ రాలేదు.

తర్వాత మాట్లాడిన ముగ్గురూ చాకలి ఐలమ్మను తలచుకున్నారు. పాలకుర్తిలో ఆమె పండించిన వడ్లను దొర గుంజుకోబోతే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు వెళ్లి కోసి, కొట్టి, ఆమె ఇంటికి చేర్చారు. ఇది చెబుతూ మూడో వక్త గొంతు గద్గదమైంది. సరిగ్గా అప్పుడే బయట ఉరిమింది.

వందమందీ ఒక్కసారే లేచారు. పులిహోర పొట్లాలు కొంగున కట్టుకునే తీరిక కూడా లేదు. వీవోఏ ఆటో ఎక్కుతూనే పక్కూరి సంఘానికి ఫోన్ కలిపింది. "అక్కా, మీ కాడ పరదాలెన్ని ఉన్నయ్?" అవతలివాళ్లు సన్నాహక సమావేశమేదీ పెట్టకుండానే ట్రాక్టర్‌లో పంపారట.

ఖాళీ కుర్చీలకు వందన సమర్పణ జరిగింది. నివేదిక నేను తర్వాత చూశాను. ఐదు సంస్థలవి ఐదు, వాక్యం మాత్రం ఒకటే: "వక్తల స్ఫూర్తితో 500 మంది మహిళలు సభాస్థలి నుంచి నేరుగా కార్యాచరణలోకి దిగారు."